సాంచెల ఇంటి గోల్‌కీపర్

సిరిసిల్లలో నేను అద్దెకున్న గది కింద ఆరు సాంచెలు ఆడేవి. మరమగ్గాన్ని ఇక్కడ సాంచె అంటారు. మొదటి వారం కన్ను మూతపడలేదు. నెల తిరిగేసరికి ఆ చప్పుడు ఆగితేనే మెలకువ వచ్చేది. పొద్దుటి నుంచి తిరిగి, మధ్యాహ్నానికి పేపరుకు వార్తలు పంపేసి మంచం మీద వాలితే గచ్చు సన్నగా వణుకుతుండేది. స్టూలు మీది గ్లాసులో నీళ్లు గుండ్రటి గీతలు గీసుకునేవి. అప్పటికి ఊరికి రైలు లేదు. ఆ గదే నాకు రైలు. ఎక్కడికీ చేరాల్సిన తొందర లేని రైలు.

కరెంటు పోతే మాత్రం వీధి వీధంతా ఒక్కసారి కళ్లు తెరిచేది. అప్పటిదాకా లేని శబ్దాలన్నీ బయటికి వచ్చేవి. ఎవరో దగ్గుతారు, ఎక్కడో గిన్నె జారుతుంది, ఉడుత అరుస్తుంది. అందరూ గొంతులు తగ్గించుకుంటారు, కింద ఇంటాయన తప్ప. ముప్పై ఏళ్లు సాంచెల మధ్య నిలబడి ఆయన చెవులు మందగించాయి. తన గొంతు ఎంత పెద్దదో ఆయనకే తెలియదు. "ఇయ్యాల కూరేందే?" అని భార్యను అడిగితే ఆ సంగతి మూడిళ్ల అవతలికి కూడా తెలిసేది.

సాంచెలు ఆడుతున్నప్పుడు మాత్రం ఆయన నోరు మెదిపేవాడు కాదు. ఆయనే కాదు, ఆ పని తెలిసినవాళ్లెవరూ అక్కడ మాట్లాడరు. మాట్లాడి లాభం లేదు. రెండు వేళ్లు కత్తెరలా ఆడిస్తే పోగు తెగిందని అర్థం. పిడికిలి తిప్పితే కండె, అంటే దారం చుట్టిన చిన్న కడ్డీ, అయిపోయిందని. అరచేయి రొమ్ముకు ఆనించుకుంటే 'నువ్వు జరుగు, నేను చూసుకుంట' అని. మిగిలినదంతా పెదవులే. షెడ్డు ఈ చివర నుంచి ఆ చివరకు పెదవులు చదువుకుంటూ మొగుడూ పెళ్లాలు ఒక పూట మొత్తం కొట్లాడుకోవడం నేను మెట్ల మీద కూర్చుని చూశాను. ఒక్క మాటా వినపడలేదు.

"సారూ, మా ఆయనకు దేవుడు చెవులు తీసుకపోయిండు గని, నేను తిట్టేది మాత్రం మంచిగ ఎరుకైతది," అనేది ఆయన భార్య, మూలన కండెలు చుట్టే మిషన్ ముందు కూర్చుని.

వాళ్ల బిడ్డ ఆ షెడ్డులోనే పెరిగింది. నేను ఆమె తండ్రికంటే నాలుగేళ్లు పెద్దవాణ్ని కాబట్టి నన్ను పెద్దబాపు అనేది. ఆ పిల్లకు తొమ్మిదేళ్లున్నప్పుడు అనుకుంటాను, మూడో సాంచె నుంచి నాడె ఎగిరింది. నాడె అంటే పోగును అటూ ఇటూ లాక్కుపోయే కొయ్య, రెండు కొసలకూ ఇనుప మొనలుంటాయి. అది గోడకు తగిలి వెనక్కి వచ్చింది. ఆ పిల్ల పక్కకు తప్పుకోలేదు. ఒక అడుగు ముందుకేసి, రెండు చేతులా పట్టి రొమ్ముకు హత్తుకుంది. తండ్రి సాంచె ఆపి వచ్చి ఆమెను తిట్టాడు. నోటితో కాదు, చేతులతోనే. ఆ పిల్ల నాడెను ఆయనకు ఇచ్చి, కత్తెర వేళ్లు ఆడించింది. పోగు తెగింది, అతుక్కో అని.

ఆరో తరగతిలో ఆమెను కోరుట్లలో హాస్టల్ బడిలో వేశారు. ఆ బడి పక్క మైదానంలో పొద్దున్నే పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పే మనిషి ఒకాయన ఉండేవాడు. ఆటోలకు, బండ్లకు రెగ్జిన్ సీట్లు కుట్టే దుకాణం ఆయనది. చిన్నప్పుడు గోల్‌కీపర్‌గా ఆడాడట. బడికీ ఆయనకూ ఏ ఉద్యోగ సంబంధమూ లేదు. పొద్దున ఆరు నుంచి ఏడున్నర దాకా మైదానం, తర్వాత కుట్టు మిషన్. పిల్లల చేతి గ్లౌజులు చిరిగితే సీట్ల రెగ్జిన్ ముక్కలతోనే అతుకులు వేసేవాడు. ఆ పిల్లను మొదటి రోజే గోల్ ముందు నిలబెట్టాడు. "ఈ పిల్ల బంతిని చూసి కండ్లు మూస్త లేదు భాయ్. అందరు మూస్తరు," అని నాతో చెప్పాడు, నేను వార్త కోసం కోరుట్ల వెళ్లినప్పుడు.

తర్వాతి ఏళ్లు నాకు బస్సు కిటికీలోంచి చూసినట్టుగా గుర్తున్నాయి. జిల్లా జట్టు. రాష్ట్ర జట్టు. నేను రాసిన నాలుగు వాక్యాల వార్తలు, వాటిలో డెస్కు వాళ్లు మిగిల్చిన రెండు వాక్యాలు. ఇరవై ఏళ్లకు దూరపు రాష్ట్రంలో సముద్రం పక్కన ఉన్న ఒక మహిళల క్లబ్బు ఆమెతో ఏడాదికి ఒప్పందం రాయించుకుంది. ఆట ఆడితే జీతం ఇస్తారన్న సంగతి తండ్రికి నేను మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది. మొదటి రెండుసార్లూ సరిగా వినపడలేదనుకున్నాడు.

ఏడాది తర్వాత, ఎండలు ముదిరిన రోజుల్లో, ఆమె ఇంటికి వచ్చింది. సెలవు మీద అనుకున్నాం. సాయంత్రం మేడ మీద నీళ్ల ట్యాంకుకు ఆనుకుని కూర్చుని, పొద్దుగుంకే వైపు చూస్తూ, ఎవరి గురించో చెబుతున్నట్టుగా చెప్పింది.

"వద్దంటున్నరు పెద్దబాపూ."

"ఎవరు?"

"క్లబ్బోళ్లు. చేతులు మంచిగున్నయట. గొంతు లేదట."

ఆ ఏడాదంతా ఆమె మూడో గోల్‌కీపర్. బెంచీ మీద కూర్చోవడమే. ఒక ప్రాక్టీస్ ఆటలో అవకాశం వచ్చింది. పైనుంచి బంతి వస్తోంది. ఈమె ముందుకు ఉరికింది. ఈమె ముందున్న డిఫెండర్ కూడా అదే బంతి కోసం వెనక్కి వస్తోంది. ఈమె అరచేయి రొమ్ముకు ఆనించుకుంది. నువ్వు జరుగు, నేను చూసుకుంట. డిఫెండర్ వీపు ఇటు ఉంది. ఇద్దరూ గుద్దుకున్నారు. బంతి వాళ్ల మీదుగా దొర్లుకుంటూ గోల్‌లోకి పోయింది.

"మా కోచ్ మేడం అచ్చి, ఎందుకు పిలువలేదు అన్నది. పిలిచిన మేడం అన్న. ఎట్ల పిలిచినవ్ అన్నది. గిట్ల అని చూపెట్టిన." ఆమె అరచేయి రొమ్ము మీద పెట్టుకుంది. "అందరు నవ్విండ్రు."

ఆమె కూడా నవ్వబోయి ఆగిపోయింది.

గోల్‌కీపర్‌కు మైదానం మొత్తం ముఖం చూపిస్తుంది, కానీ ఆమె ముందున్న నలుగురూ వీపులే చూపిస్తారు. ఎవరు ఎటు జరగాలో, బంతి ఎవరిదో వెనక నుంచి పిలిచి చెప్పాల్సింది ఆమే. ఈ సంగతి నాకు కూడా ఆ సాయంత్రమే తెలిసింది. క్లబ్బు ఇంకొక్క అవకాశం ఇచ్చింది. నెలాఖరులోగా ఒక పూర్తి ఆట వీడియో పంపాలి, అందులో ఆమె గొంతు వినపడాలి. లేదంటే ఒప్పందం అక్కడితో సరి. ఇరవై ఒకటో ఏట తిరిగి వచ్చి తల్లి పక్కన కండెల మిషన్ ముందు కూర్చోవాలి. ఆ మాట ఆమె అనలేదు. కిందికి చూసింది, అంతే. కింద తల్లి మిషన్ తిరుగుతోంది.

మర్నాడు ఇద్దరం కోరుట్ల బస్సెక్కాం. వేములవాడ దాటాక ఆమె నిద్రపోయింది. ఎండకు పొలాలు పొగలా కదులుతున్నాయి. కొండగట్టు దగ్గర మాలలు వేసుకున్న భక్తులు ఎక్కి దిగారు, ఆంజనేయస్వామి పేరు బస్సంతా మోగింది. ఆమె కదల్లేదు. చప్పుడులో నిద్రపోవడం ఆ ఇంట్లో అందరికీ వచ్చు.

కోరుట్లలో మాస్టరు తన దుకాణంలో ఆటో సీటుకు అంచు కుడుతున్నాడు. మొత్తం విని, మిషన్ పెడలు మీంచి కాలు తీశాడు.

"గల్తీ నాది బేటా."

"మీదేంది సార్?"

"నువ్వు గోల్‌ల ఉంటే నేనెక్కడ ఉండేది? జాలీ వెనక. ఆరేండ్లు జాలీ వెనక నిలబడి లెఫ్ట్ చూడు, రైట్ చూడు, ఛోడో, పట్టు అని ఒర్రింది ఎవరు? నేను. నీ గొంతు నేను తినేసిన." పళ్ల మధ్య దారం తెంపాడు. "మైదానానికి పోదాం పా."

జాలీ అంటే గోల్ వల. ఒర్రడం అంటే మా వైపు గట్టిగా అరవడం. ఎదిగిన ఆడపిల్లకు ఇంట్లో పది మందీ వద్దని చెప్పే పని అది.

ఆ ఎండవేళ మైదానంలో ఎవరూ లేరు. ఆయన అవతలి గోల్ దగ్గర నిలబడ్డాడు. ఆమె ఇవతలి నుంచి 'నాది' అని పిలవాలి. ఆమె నోరు తెరిచింది. పక్కనే ఉన్న నాకే సరిగా వినపడలేదు. పదిసార్లు ప్రయత్నించింది. ఆయన అంత దూరం నడిచి వచ్చి ఆమె పక్కన గడ్డిలో కూర్చున్నాడు.

"మా నాయిన మసీదుల అజా ఇచ్చెటోడు. మైకు లేని కాలం. బజార్ దాటి అవతలి వాడకు ఇనబడేది. నేను పోరగాణ్ని, ఎట్ల అబ్బా అని అడిగిన. గొంతుకెళ్లి తీయకు, కడుపులకెళ్లి తియ్యి, దూరంగున్న ఒక్క మనిషిని మనసుల పెట్టుకో, ఆయన్నే పిలువు అన్నడు. ఆ ఒక్కనికి ఇనబడితె అందరికి ఇనబడుతది."

"నాకు సిగ్గయితుంది సార్. నా గొంతు నాకే ఎవరిదో లెక్క ఇనబడుతుంది."

ఆయన గడ్డిపోచ ఒకటి తెంపాడు. తర్వాత అడిగాడు. "నీ గొంతు నీకు ఇనబడని జాగ ఏదన్న ఉన్నదా?"

ఆమె నా వైపు చూసింది. ఇద్దరికీ ఒకే జాగా గుర్తొచ్చింది.

ఆ మర్నాటి నుంచి మధ్యాహ్నాలు సాంచెలు ఆడుతుండగా ఆమె షెడ్డు ఈ చివర గుమ్మంలో నిలబడేది. ఆ చివర ఆరో సాంచె దగ్గర తండ్రి. ఆమె ఒర్రేది. ఎవరికీ ఏమీ వినపడేది కాదు. తండ్రి పోగు అతుకుతూ మధ్య మధ్యలో తలెత్తి, పెదవులు చూసి, తలూపేవాడు. ఆయనకు అందులో వింతేమీ లేదు. పెదవులు ఆడితే మాట అయినట్టే.

నేను పైన మంచం మీద ఉండేవాణ్ని. మూడో రోజో నాలుగో రోజో, సగం నిద్రలో, సాంచెల చప్పుడులో ఏదో సన్నటి పోగు నడుస్తున్నట్టు అనిపించింది. కల అనుకున్నాను. రోజు రోజుకూ ఆ పోగు లావెక్కింది. ఒకరోజు కలలో నేను నీళ్ల అడుగున ఎక్కడో ఉన్నాను, పైనుంచి ఎవరో పిలుస్తున్నారు. మెలకువ వచ్చాక కూడా ఆ పిలుపు ఆగలేదు. నాది. నాది. గచ్చు వణుకు కింద నుంచి, గ్లాసులో నీళ్ల గీతల కింద నుంచి. నేను కదలకుండా పడుకుని విన్నాను. లేస్తే పోతుందేమోనని.

పదిహేను రోజులు అయి ఉంటుంది. ఆ మధ్యాహ్నం నేను మెట్ల మీద కూర్చుని చూస్తున్నాను. సరిగ్గా ఆమె ఊపిరి బిగించి నోరు తెరిచిన క్షణంలో కరెంటు పోయింది. ఆరు సాంచెలూ ఆగాయి, వీధిలోని సాంచెలన్నీ ఆగాయి. ఆ నిశ్శబ్దంలో ఆమె గొంతు ఒక్కటే వీధి ఈ కొస నుంచి ఆ కొసకు వెళ్లింది.

"నాదీ!"

గోడ మీది పిట్ట లేచిపోయింది. ఎదురింటి ముసలమ్మ బీడీల చాటతోనే గడప దాటి వచ్చింది.

"ఏం నీదే? ఏందే పిల్లా, ఏం పంచుకుంటున్నరే?"

"గంత మంచిగున్న సంసారం, పంచాది ఎందుకొచ్చిందే?" అని ఇంకొకామె.

"పంచాది గాదు ఒదినె, బాలు, బాలు!" అని తల్లి లోపల్నుంచి.

"ఏం బాలు? ఒక్క బాలు కోసం గంత ఒర్రుడా? నా చేతిల బీడీ ఇచ్చుకపాయె. ఇంకో బాలు కొనియ్యి రాదు దానికి!"

గుమ్మంలో నిలబడ్డ పిల్ల రెండు చేతులతో ముఖం కప్పుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకుని నేను రెండు మెట్లు దిగాను. నవ్వుతోంది. లోపల్నుంచి తండ్రి, కరెంటు పోయిన సంగతి కూడా పట్టనట్టు, తనకు అలవాటైన గొంతుతో అడిగాడు. "ఏమైందే, అందరెందుకచ్చిండ్రు?"

ఆ తర్వాత ఆమెకు సాంచెల అవసరం రాలేదు.

నెలాఖరుకు రెండు రోజుల ముందు జగిత్యాలలో జిల్లా జట్ల ఆట. వీడియో తీసే పని నాది. పేపరులో నాతో పనిచేసిన ఫొటోగ్రాఫర్ దగ్గర స్టాండు అడిగి తెచ్చి, ఫోను దానికి బిగించి, ఆమె గోల్‌కు కొంచెం పక్కగా గీత బయట నిలబెట్టాను. రెండో సగంలో జట్లు వైపులు మారినప్పుడు స్టాండు కూడా ఆమె వెంటే మారింది. నా పక్కన తండ్రి. ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. బిడ్డ ఆట ఎదురుగా చూడడం ఆయనకు అదే మొదటిసారి. కోరుట్ల నుంచి వచ్చిన మాస్టరు మాత్రం కావాలనే మైదానం అవతలి వైపు పోయి కూర్చున్నాడు. "దగ్గరుంటే నా నోరు ఆగదు భాయ్," అన్నాడు.

ఆట మొదలైన కాసేపటికి ప్రహరీ అవతల పెళ్లి ఊరేగింపు వచ్చింది. డీజే బండి. ఫంక్షన్ హాలు గేటు ముందే నిలిపారు, ఇక కదల్లేదు. నేల అదిరింది. నాకు సిరిసిల్ల గది గుర్తొచ్చింది. మైదానంలో ఏ మాటా నాకు వినపడటం లేదు. ఆమె మాత్రం గోల్ ముందు నిలబడి, ఇంట్లో ఉన్నంత తీరిగ్గా, పిలుస్తోంది. నోరు కదలడం కనిపిస్తోంది, ముందున్న నలుగురు పిల్లలూ అటూ ఇటూ జరుగుతున్నారు.

"ఏమంటున్నదో," అన్నాను నాలో నేను. తండ్రి నా పెదవులు చూశాడు.

"ఎడమకు జరుగు అంటున్నది," అన్నాడు.

తర్వాత నేను అడగకుండానే చెబుతూ పోయాడు. కుడికి పో అంటున్నది. ఇడిసిపెట్టు. వెనకకెళ్లి అచ్చింది సూడు. నాది! ఆమె పైకెగిరి బంతి అందుకుంది. నాది! ఇంకోసారి. ఆయన ముఖం వెలిగిపోతోంది. ముప్పై ఏళ్లు పెదవులు చదివిన మనిషి, ఇప్పుడు చదివింది మరొకరికి వినిపిస్తున్నాడు. నేను హాయిగా వింటూ నిలబడ్డాను. ఎండ తెల్లగా ఉంది, గడ్డి మీది సున్నం గీతలు తేలుతున్నట్టున్నాయి, ఆమె ఆకుపచ్చ జెర్సీ వాటి మీద తేలుతోంది. అంత మంచి మధ్యాహ్నం నాకు చాలా ఏళ్లుగా దొరకలేదు. ఫోను మా మధ్యలో, ఆయన నోటికి జానెడు దూరంలో, తన పని తాను చేసుకుంటోంది.

ఆమె జట్టు ఒక్క గోల్ కూడా ఇవ్వకుండా గెలిచింది.

బస్టాండు ఎదురుగా హోటల్లో చాయ్ చెప్పి, నలుగురం వీడియో పెట్టుకున్నాం. డీజే మోత. దాని మీద, ప్రతి మాటా గుడి గంటలా, తండ్రి గొంతు. ఎడమకు జరుగు. ఇడిసిపెట్టు. నాది! ఆమె పెదవులు కదులుతున్నాయి, వినపడేది ఆయన. ముందుకు జరిపి చూశాం, ఇంకా ముందుకు. చివరి విజిల్ దాకా అంతే.

తండ్రికి ఏమీ తెలియలేదు. తెర మీద బిడ్డను చూసి మురిసిపోతున్నాడు. "మంచిగచ్చిందా?" అని అడిగాడు, హోటలంతా తిరిగి చూసేలా.

తప్పు నాది. మూడు దశాబ్దాలు మనుషుల మాటలు రికార్డు చేసి బతికినవాణ్ని, ఆయన గొంతు ఎంతటిదో మేడ మీద పడుకుని ఏళ్లకేళ్లు విన్నవాణ్ని. ఆ మాట చెప్పబోయాను. ఆమె చేయి అడ్డం పెట్టింది. తండ్రికి ఎదురుగా తిరిగి, వేలితో ఆయన నోటిని, తర్వాత ఫోనును చూపించింది. ఆయన చాలాసేపు ఫోను వైపు చూశాడు. గ్లాసు కింద పెట్టాడు. "నా నోట్లె మన్నువడ," అన్నాడు. జీవితంలో మొదటిసారి ఆయన మెల్లగా మాట్లాడగా విన్నాను.

"ఇంకో ఆట ఉన్నదా?" అన్నాను.

"లేదు," అంది ఆమె.

మాస్టరు చాయ్ పూర్తిగా తాగాడు. "పంపు," అన్నాడు. "ఉన్నది ఉన్నట్టు పంపు బేటా. ఆడింది నువ్వే గద."

పంపింది. వారం గడిచింది. ఆ వారంలో తండ్రి కరెంటు పోయినప్పుడు కూడా మాట్లాడలేదు. భార్య ఏమడిగినా చేతులతో జవాబిచ్చాడు. పైన నాకు నిద్ర సరిగా పట్టలేదు. ఆమె పొద్దున పరుగుకు పోయి వచ్చి, తల్లి పక్కన కూర్చుని కండెలు చుట్టేది. చేతులు ఖాళీగా ఉంటే ఆలోచనలు వస్తాయని అనేది.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం ఫోను మోగింది. ఆమె చప్పుడుకు దూరంగా మేడ మీదికి పరుగెత్తుకొచ్చింది. స్పీకరు పెట్టింది. క్లబ్బు కోచ్ మేడం హిందీలో మాట్లాడింది. మొదటి ప్రశ్న, వీడియోలో ఆ మగ గొంతు ఎవరిది అని.

"మా బాపు మేడం. ఆయనకు చెవులు ఇనబడయి. నా మూతి చూసి చెప్పిండు." కంగారులో మొత్తం తెలుగులోనే చెప్పేసి, మళ్లీ హిందీలో చెప్పింది.

తర్వాత ఆ మేడం నిదానంగా చెప్పింది. మొదటిసారి చూసి పక్కన పెట్టేశాను. రెండోసారి చూస్తే ఒక సంగతి కనిపించింది. ఆ గొంతు ప్రతిసారీ ఒక క్షణం ఆలస్యంగా వస్తోంది. నీ డిఫెండర్లు దానికి ముందే జరుగుతున్నారు. వీపు తిప్పి ఉన్నవాళ్లు, ఆ మోతలో, ఎవరి మాట విని జరుగుతున్నారు? మూడోసారి సౌండు పూర్తిగా తీసేసి చూశాను. ఇంకో ఏడాదికి కాగితాలు పంపుతున్నాం. సోమవారానికి ఇక్కడ ఉండు.

ఫోను పెట్టేశాక ఆమె ట్యాంకుకు ఆనుకుని నిలబడింది. కింద నుంచి గచ్చులోకి, గచ్చు నుంచి మా పాదాల్లోకి సాంచెల వణుకు వస్తూనే ఉంది. తర్వాత ఒక్కో మెట్టూ దిగింది. నేను పైమెట్టు మీద కూర్చున్నాను.

తండ్రి ఆరో సాంచె మీదికి వంగి పోగు అతుకుతున్నాడు. వీపు ఇటు ఉంది. ఆమె గుమ్మంలో నిలబడి పిలవవచ్చు. పిలవలేదు. ఆరు సాంచెల మధ్య నుంచి నడిచిపోయి, ఆయనకు ఎదురుగా నిలబడింది. భుజానికి సంచీ తగిలించుకున్నట్టు చేయి తిప్పింది. తర్వాత అరచేయి రొమ్ముకు ఆనించుకుంది.

ఆయన పోగు వదిలేశాడు. వారం రోజులు దాచుకున్న గొంతంతా ఒక్కసారి విడిచాడు. ఆరు సాంచెల మోత మీదుగా, మెట్ల మీద ఉన్న నాకు ప్రతి అక్షరమూ వినపడింది.

"బస్సు ఎన్ని గంటలకే, బిడ్డా?"